నేవీ మాష్టారి మేడ: బరంపురంలో ఒక కాన్వాయ్ ఆటగది

బరంపురంలో గేట్ బజార్‌కు నడక దూరంలో, ఒక స్టేషనరీ దుకాణం పై అంతస్తులో, నౌకాదళంలో సోనార్ (శబ్దంతో నీటి కింది వస్తువులను పసిగట్టే పరికరం) మీద పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక పెద్దమనిషి నడుపుతున్న ఆటగది గురించి ఈ సమీక్ష. ఆయనకు ప్రచారం ఇష్టం లేదు కనుక పేరు రాయడం లేదు. ఊళ్ళో తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ ఆయన్ను నేవీ మాష్టారు అనే పిలుస్తారు కనుక నేనూ అలాగే రాస్తాను. యుద్ధకాలంలో కాన్వాయ్‌గా, అంటే రక్షక నౌకల కాపలాతో గుంపుగా పోయే సరకు ఓడలను జలాంతర్గాముల బారి నుంచి నౌకాదళం, వైమానిక దళం కలిసి ఎలా కాపాడుకుంటాయో మూడు గంటల సేపు ఆడించి నేర్పడం ఇక్కడి పని. మనిషికి 250 రూపాయలు, విద్యార్థులకు అందులో సగం. ఆ సొమ్ముకు దొరికేది ఎక్కువేనని ముందే చెప్పేస్తున్నాను. అయితే లోట్లు కూడా ఉన్నాయి, అవి కుర్చీలూ ఫ్యాన్లకు సంబంధించినవి మాత్రమే కావు కనుక కొంచెం వివరంగా రాయవలసి వస్తోంది.

గది పొడవాటి హాలు. నల్ల గచ్చు మీద తెల్ల రంగుతో గళ్ళు గీసి ఉంటాయి, ఒక్కొక్క గడి ఒక నాటికల్ మైలు (సుమారు 1.85 కిలోమీటర్లు). గళ్ళకు మూడు వైపులా గుడ్డ తెరలు కట్టి, వాటికి కంటి ఎత్తున సన్నని చీలికలు పెట్టారు. రక్షక నౌకల కెప్టెన్లుగా ఆడేవారు తెరల వెనుక నిలబడి, తమ ఓడ పైనుంచి ఎంత మేర కనిపిస్తుందో అంత మేరే ఆ చీలికల్లోంచి చూడాలి. చూసినదాన్ని బట్టి చీటీ మీద ఆజ్ఞ రాసి ఇస్తే, మాష్టారి దగ్గర పనిచేసే ఇద్దరు కాలేజీ విద్యార్థులు చెక్క ఓడలను కర్రలతో జరుపుతారు. ఒక్కో వంతు రెండు నిమిషాల యుద్ధకాలానికి సమానం. రక్షక నౌకల దారిని తెల్ల సుద్దతోనూ, జలాంతర్గామి దారిని ముదురు ఆకుపచ్చ సుద్దతోనూ గీస్తారు. తెర వెనుక నుంచి వాలుగా చూసేవారికి, ఆ మసక వెలుతురులో, ఆకుపచ్చ గీత కనిపించదు. ఆట ముగిశాక తెరలు తీసేసి, శత్రువు ఎక్కడెక్కడ తిరిగాడో అందరినీ నేల మీదికి పిలిచి చూపిస్తారు. ఆ పది నిమిషాల కోసమే ఇక్కడికి రావచ్చుననిపించింది.

ఈ ఏర్పాటు తన సొంత ఊహ కాదని మాష్టారు ముందుగానే చెబుతారు. 1942 మొదట్లో బ్రిటిష్ నౌకాదళం లివర్‌పూల్‌లోని డెర్బీ హౌస్‌లో వెస్టర్న్ అప్రోచెస్ టాక్టికల్ యూనిట్ అనే చిన్న విభాగాన్ని పెట్టి, దాన్ని కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్ చేతికి అప్పగించింది. ఆయన కింద పనిచేసినవారిలో చాలామంది నౌకాదళ మహిళా విభాగానికి చెందిన యువతులు. నేల మీది గళ్ళూ, తెరల్లోని చీలికలూ, రెండు రంగుల సుద్దలూ అక్కడి పద్ధతులే. పాత కాన్వాయ్ పోరాటాల నివేదికలను ఆ నేల మీద మళ్ళీ ఆడి చూసినప్పుడు, జర్మన్ జలాంతర్గాములు కాన్వాయ్ బయట నిలబడి టార్పెడోలు వేస్తున్నాయన్న నమ్మకం పొసగలేదు. రాత్రివేళ నీటి పైనే ఉండి, వెనుక వైపు నుంచి ఓడల వరసల మధ్యకు చొరబడి, టార్పెడోలు వేసి, మునిగి, కాన్వాయ్ తమ మీదుగా దాటిపోయే దాకా కదలకుండా ఉండిపోతున్నాయని రాబర్ట్స్ తేల్చారు. దానికి విరుగుడుగా, దాడి జరగగానే రక్షక నౌకలన్నీ ఒక్క సంకేతంతో కాన్వాయ్ వెనక్కి తిరిగివచ్చి ఆ నీటిని వరుసగా గాలించే ఎత్తుగడను రూపొందించారు. దానికి రాస్ప్‌బెర్రీ అని పేరు పెట్టారు. యుద్ధం ముగిసేలోగా సుమారు 5,000 మంది అధికారులు ఆ గదిలో శిక్షణ పొందారు. 1942 నవంబరులో, అట్లాంటిక్ కాన్వాయ్‌ల రక్షణ చూసే ఈ వెస్టర్న్ అప్రోచెస్ కమాండ్‌కు అధిపతిగా వచ్చిన అడ్మిరల్ మాక్స్ హోర్టన్ స్వయంగా జలాంతర్గాముల దళంలో పేరు మోసినవాడు. ఆయన అక్కడ జలాంతర్గామి పక్షాన ఆడి, ఎదురు నిలిచిన జానెట్ ఓకెల్ అనే యువతి చేతిలో ఓడిపోయాడు. మాష్టారు ఈ సంగతిని ప్రతి ఆటకు ముందూ చెబుతారు, ముఖ్యంగా ఆడపిల్లలు వెనక వరసలో నిలబడి ఉన్నప్పుడు. ఇందులో అతిశయోక్తి లేదు, అవసరం మాత్రం ఉంది. నేను వెళ్ళిన ఆటల్లో జలాంతర్గామిని అందరికన్నా నిబ్బరంగా నడిపింది ఖల్లికోట్‌లో చదువుతున్న ఒక అమ్మాయే.

కొత్తవారికి మొదట ఆడించేది ఉత్తర అట్లాంటిక్ రాత్రి. తొమ్మిది వరసల్లో అయిదేసి చొప్పున నలభై అయిదు సరకు ఓడలు, చుట్టూ ఆరు రక్షక నౌకలు. వరసకూ వరసకూ మధ్య వెయ్యి గజాలు, వరసలో ఓడకూ ఓడకూ మధ్య సుమారు ఆరువందల గజాలు ఉంచితే, కాన్వాయ్ నాలుగు మైళ్ళ వెడల్పుతోనూ, మైలుకు కొంచెం మించిన పొడవుతోనూ ఉంటుంది. చూడగానే ఇది తలకిందులుగా ఉందేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. టార్పెడోకు అనువైన గురి ఓడ పక్కభాగం కనుక, పక్కల నుంచి చూసేవాడికి వీలైనన్ని తక్కువ ఓడలు కనిపించేలా పేర్చడమే ఇందులోని కిటుకు. ఇలాంటి చిన్న విషయాలు పుస్తకంలో ఒక వాక్యంగా దాటిపోతాయి. ఇక్కడ చెక్క ఓడల పక్కన వంగి కూర్చుని చూస్తే మరచిపోవడం సాధ్యం కాదు.

ఆట మొదలైన కాసేపటికే దాదాపు ప్రతి జట్టులోనూ ఒకే సంగతి జరుగుతుంది. మాతో ఆడిన ఒక బ్యాంకు ఉద్యోగి, ఒకసారి ఆస్డిక్ (ఆ కాలపు బ్రిటిష్ సోనార్) ప్రతిధ్వని అందగానే, దాని వెంట పడి ఎనిమిది మైళ్ళు వెళ్ళిపోయారు. ఆయన జలాంతర్గామిని ముంచారు కూడా. ఆలోగా ఆయన వదిలివెళ్ళిన పక్క నుంచి రెండోది లోపలికి వచ్చి మూడు ఓడలను తీసుకుపోయింది. ఆయన పాయింట్ల పట్టిక చూసి తెల్లబోతే, "బాబూ, మీకు అప్పగించింది ఓడలను, వేట మీ పని కాదు" అని మాష్టారు నెమ్మదిగా అన్నారు. ఈ గదిలో లెక్క వేసే తీరే అటువంటిది. ముంచిన జలాంతర్గామికి కొద్దిపాటి పాయింట్లు, రేవు చేరిన ఒక్కో ఓడకు పెద్ద పాయింట్లు. ఆఖరికి జలాంతర్గామి ఒక్కటీ మునగకపోయినా, అవి ఓడలను చేరలేకపోతే రక్షకులే గెలిచినట్టు.

ఇది నిజమైన యుద్ధంలో కూడా తేలికగా ఒంటబట్టిన పాఠం కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ పెద్దలు కాన్వాయ్‌లను చాలాకాలం వ్యతిరేకించారు. ఓడలన్నిటినీ ఒకచోట చేర్చడమంటే శత్రువుకు పళ్ళెంలో పెట్టి ఇవ్వడమేనన్నది వారి వాదన. 1917 ఏప్రిల్ ఒక్క నెలలోనే 8 లక్షల టన్నులకు పైగా నౌకా సంపద మునిగిపోయిన తరువాత గాని వారి మనసు మారలేదు. కాన్వాయ్‌లు మొదలయ్యాక నష్టాలు తగ్గిపోయాయి. కారణం మాష్టారు నేల మీద సుద్దతో చూపిస్తారు. విశాలమైన సముద్రంలో ఒక్క ఓడ ఎంత దూరం నుంచి కనిపిస్తుందో, నలభై ఓడల గుంపు అంతకంటే కొంచెం ఎక్కువ దూరం నుంచి మాత్రమే కనిపిస్తుంది. నలభై ఓడలు విడివిడిగా పోతే శత్రువుకు నలభై అవకాశాలు. కలిసి పోతే ఒక్కటే అవకాశం, మిగిలిన సముద్రమంతా ఖాళీ. ఆ ఒక్క అవకాశం దొరికినా, టార్పెడోలు నింపుకోవడానికి సమయం పడుతుంది కనుక, రెండు మూడు ఓడల కంటే ఎక్కువ ముంచడం ఒక్క జలాంతర్గామికి కష్టం.

రెండో ప్రపంచయుద్ధంలో భౌతిక శాస్త్రవేత్త పాట్రిక్ బ్లాకెట్ బృందం దీనికి మరో మెట్టు చేర్చింది. కాన్వాయ్ పెద్దదైనప్పుడు దాని వైశాల్యం పెరిగినంతగా చుట్టుకొలత పెరగదు, రక్షక నౌకలు కాయవలసినది చుట్టుకొలతను. అందుచేత చిన్న కాన్వాయ్‌ల కంటే పెద్ద కాన్వాయ్‌లలోనే నూటికి మునిగే ఓడల సంఖ్య తక్కువగా ఉంటుందని ఆ బృందం లెక్కతో చూపింది. మాష్టారు ఇక్కడ ఒక మంచి పని చేస్తారు. అదే ఆరు రక్షక నౌకలతో, ఇరవై ఓడల కాన్వాయ్‌ను ఒకసారి, అరవై ఓడల కాన్వాయ్‌ను మరొకసారి ఆడించి, రెండింటి నష్టాలనూ గోడ మీది పలక మీద పక్కపక్కన రాయిస్తారు. లెక్కల మాష్టార్లు తమ పిల్లలను ఈ ఒక్క ఆటకు తీసుకురావాలని నా సలహా.

సాంకేతిక వివరాల విషయంలో ఈ గది ఎక్కువ భాగం నిక్కచ్చిగానే ఉంది. డెప్త్ చార్జ్, అంటే కొంత లోతుకు మునిగాక పేలే పీపా బాంబు, వేసే నౌక తను దాడి చేసే జలాంతర్గామి మీదుగా దాటాలి. ఆ చివరి క్షణాల్లో ఆస్డిక్‌కు ప్రతిధ్వని అందదు, పీపా మునగడానికి సమయం పడుతుంది, ఆలోగా లోపలివాడు పక్కకు తప్పుకుంటాడు. ఈ వ్యవధిని ఆటలో చక్కగా ఇమిడ్చారు. తరువాతి కాలపు ఆటలో హెడ్జ్‌హాగ్ ఇస్తారు. అది ఇరవై నాలుగు చిన్న బాంబులను నౌక ముందుకే విసురుతుంది, తగిలితేనే పేలుతుంది, తగలకపోతే నీరు కలత చెందదు కనుక ప్రతిధ్వని పోదు. రెండింటినీ ఒకదాని తరువాత ఒకటి ఆడితే తేడా చేతికి తెలుస్తుంది. రాత్రివేళ నీటి పైన తేలే జలాంతర్గామి విషయంలో ఆస్డిక్ దాదాపు గుడ్డిదన్న సంగతీ, ఫ్లవర్ తరగతి కార్వెట్లనే చిన్న రక్షక నౌకల వేగం 16 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) కాగా నీటి పైన జర్మన్ ఏడో రకం జలాంతర్గామి వేగం 17 నాట్లకు పైబడి ఉండేదన్న సంగతీ ఆట నియమాల్లోనే ఉన్నాయి. అంటే తరిమేవాడి కంటే తప్పించుకునేవాడు వేగంగా వెళ్ళగలడు. ఈ నియమం విన్నప్పుడు కొత్త ఆటగాళ్ళు మాష్టారు పొరబడ్డారని గొడవ పెట్టుకుంటారు.

విమానాల దగ్గరికి వచ్చేసరికి నా అభిప్రాయం రెండుగా చీలింది. భావం స్థాయిలో ఈ గది చెప్పేది అతి ముఖ్యమైన విషయం. ఆ కాలపు జలాంతర్గామి నిజానికి అవసరమైనప్పుడు మునగగల పడవ మాత్రమే. నీటి పైన డీజిల్ ఇంజన్లతో పరుగెత్తే ఆ పడవ, మునిగినప్పుడు బ్యాటరీల మీద నాలుగు నాట్ల వేగంతో సుమారు 80 నాటికల్ మైళ్ళు మాత్రమే పోగలదు. తొమ్మిది నాట్లతో సాగిపోయే కాన్వాయ్‌ను అది మునిగి ఉండి ఎన్నటికీ అందుకోలేదు. దాన్ని దాటి ముందుకు పోయి కాచుకోవాలంటే పగలంతా నీటి పైన పరుగెత్తి తీరాలి. ఆకాశంలో ఒక్క విమానం తిరుగుతుంటే చాలు, చుట్టుపక్కల మైళ్ళ మేర జలాంతర్గాములన్నీ మునిగి వెనకబడిపోతాయి. ఆ విమానం ఒక్క బాంబు వేయకపోయినా కాన్వాయ్‌ను కాపాడినట్టే. ఈ విషయాన్ని మాష్టారు చెప్పరు, ఆడిస్తారు. మొదటి ఆటలో విమానం ఉండదు, రెండో ఆటలో అదే కాన్వాయ్ మీద ఒక వెండి రంగు బిళ్ళ తిరుగుతుంది. జలాంతర్గామిని నడిపేవారి మొహాలు ఆ రెండో ఆటలో చూడాలి. మునగాలా వద్దా అని వంతువంతుకూ తేల్చుకోలేక, చివరకు ఎవరినీ దెబ్బతీయకుండానే ఆట ముగించుకుంటారు.

లోటు ఎక్కడంటే ఆ బిళ్ళ దగ్గరే. మాష్టారు ఓడలకు, నీటి కింది శబ్దానికి అంకితమైన మనిషి. విమానం ఆయనకు పై నుంచి వచ్చిన సహాయం మాత్రమే. అందుచేత బిళ్ళ ఎప్పుడూ వేళకు వస్తుంది, తన పరిధిలోని ప్రతి జలాంతర్గామినీ చూస్తుంది, అలసిపోదు, దారి తప్పదు. నిజానికి వైమానిక రక్షణ కథంతా ఈ "ఎప్పుడూ" అన్నది అసాధ్యం కావడం వల్ల పుట్టింది. అట్లాంటిక్ నడిబొడ్డున తీరపు విమానాలేవీ చేరలేని వందల మైళ్ళ ఖాళీ 1943 వసంతం దాకా మిగిలే ఉంది. దాన్ని పూడ్చింది, బరువు తగ్గించి, అదనపు పెట్రోలు ట్యాంకులు పెట్టిన కొద్దిపాటి లిబరేటర్ విమానాలు. స్థావరం నుంచి సుమారు 1,000 మైళ్ళ దూరం పోయి, అక్కడ కొన్ని గంటలు కాన్వాయ్ మీద తిరిగి, మళ్ళీ ఇల్లు చేరగల శక్తి వాటికే ఉండేది. అవే విమానాలను బాంబర్ దళం కూడా కోరడంతో కేటాయింపుల కోసం పెద్ద పేచీ నడిచింది. విమానం అడుగు భాగానికి నల్ల రంగుకు బదులు తెల్ల రంగు వేస్తే, మబ్బుల వెలుగులో కలిసిపోయి శత్రువుకు ఆలస్యంగా కనిపిస్తుందనీ, విమానం వేసే డెప్త్ చార్జ్‌ను నూరు అడుగుల లోతున కాక పాతిక అడుగుల లోతున పేలేలా అమర్చితే, అప్పుడే మునుగుతున్న జలాంతర్గామికి తగిలే అవకాశం పెరుగుతుందనీ శాస్త్రవేత్తలు లెక్కగట్టి ఇచ్చిన సలహాలు ఎన్నో దాడుల ఫలితాన్ని మార్చాయి. రాత్రివేళ బ్యాటరీలు నింపుకోవడానికి పైకి వచ్చిన జలాంతర్గామిని రాడార్‌తో పసిగట్టి, చివరి మైలులో లీ లైట్ అనే సెర్చ్‌లైట్ వెలిగించి దాడి చేయడం 1942 జూన్‌లో మొదలైంది. ఇందులో ఒక్కటీ ఆటలో లేదు. కనీసం పాచిక వేసి, ఈ వంతులో విమానం మబ్బుల్లో దారి తప్పిందనో, పెట్రోలు చాలక తిరిగిపోయిందనో చెప్పించినా బాగుండేది. ఈ మాట మాష్టారితో అన్నాను. "వైమానిక దళం నుంచి రిటైరైన మనిషిని ఎవరినైనా పట్టుకురండి, ఆ బిళ్ళను ఆయన చేతికి ఇచ్చేస్తాను" అన్నారు. గోపాల్‌పూర్ చుట్టుపక్కల అటువంటివారు ఉండకపోరు. ఇది చదివినవారిలో ఎవరైనా ఉంటే ఒకసారి మేడ ఎక్కాలి.

రెండో పెద్ద లోటు, ఆట ఎప్పుడూ శత్రువు కాన్వాయ్‌ను కనిపెట్టిన తరువాతే మొదలవడం. అసలు కనిపించకుండా పోవడమే అన్నిటికన్నా గొప్ప రక్షణ. జర్మన్ రహస్య సందేశాలను చదివి, జలాంతర్గాముల కాపలా గీత ఎక్కడుందో తెలుసుకుని, కాన్వాయ్‌ను పక్కదారి పట్టించడం వల్ల మిగిలిన ఓడలు ఎన్నో. 1942 ఫిబ్రవరిలో జర్మన్లు తమ అట్లాంటిక్ జలాంతర్గాములు వాడే ఎనిగ్మా అనే రహస్యలిపి యంత్రానికి నాలుగో చక్రం చేర్చాక, ఆ ఏడాది డిసెంబరు దాకా బ్రిటన్ ఆ సందేశాలను చదవలేకపోయింది. అదే కాలంలో జర్మన్లు మిత్రపక్షాల కాన్వాయ్ సంకేతాలను చాలావరకు చదువుతుండేవారు. దీనికి తోడు, జలాంతర్గామి రేడియోలో మాట్లాడగానే అది ఏ దిక్కున ఉందో పట్టే హఫ్-డఫ్ పరికరాలు రక్షక నౌకల మీదికి వచ్చాయి. జలాంతర్గాములు గుంపుగా వేటాడాలంటే ఒకదానితో ఒకటి మాట్లాడుకోక తప్పదు, మాట్లాడితే దొరికిపోతాయి. ఆటలో జలాంతర్గామి పక్షం వారు గుసగుసలాడుకోవడానికి అనుమతి ఉంది గాని, ఆ గుసగుసకు మూల్యం లేదు. ఇది సరిదిద్దడం సులభం కనుక మరింత చిరాకు కలిగించింది.

ఇక ఈ గదిలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఆటకు వస్తాను. గోడకు తగిలించిన పటాల్లో ఒకటి మన బంగాళాఖాతానిది. 1944 ఫిబ్రవరిలో కొలంబో నుంచి కలకత్తా వైపు పోతున్న జేసీ 36 అనే కాన్వాయ్ మీద, విశాఖపట్నానికి చేరువలో, ఆర్ఓ-110 అనే జపాన్ జలాంతర్గామి దాడి చేసింది. అస్ఫాలియన్ అనే సరకు ఓడకు టార్పెడో తగిలింది గాని అది మునగలేదు. రాయల్ ఇండియన్ నేవీకి చెందిన జమునా, ఆస్ట్రేలియా నౌకలు లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ కలిసి ఫిబ్రవరి 11న ఆ జలాంతర్గామిని ముంచివేశాయి. పెద్ద పెద్ద కాన్వాయ్ కథల మధ్య ఇది చిన్న సంఘటనే. అయినా ఇచ్ఛాపురం దాటితే ఆంధ్ర తీరం మొదలయ్యే చోట పుట్టి పెరిగినవారికి, ఆ పటం మీద గోపాల్‌పూర్ దీపస్తంభం, కళింగపట్నం, భీమునిపట్నం పేర్లు వరసగా చూస్తూ ఆడడంలో ఉన్న ఆసక్తి వేరు.

ఇక్కడ మాష్టారి సోనార్ అనుభవం పూర్తిగా అక్కరకు వచ్చింది. మహానది, గోదావరి వంటి నదులు తెచ్చి కుమ్మరించే మంచినీటి వల్ల బంగాళాఖాతం పైపొరలో ఉప్పదనం తక్కువ. ఎండకు పైనీరు వేడెక్కి, లోతుకు పోయేకొద్దీ చల్లబడుతుంది. శబ్దం వేడి నీటిలో వేగంగానూ చల్లని నీటిలో మెల్లగానూ పోతుంది కనుక, నౌక పంపిన ధ్వని తిన్నగా పోక కిందికి వంగుతుంది. మధ్యాహ్నం దాటాక ఇది మరీ ఎక్కువవుతుంది. ఆ వంపు అవతల మిగిలే నీడలో జలాంతర్గామి హాయిగా దాక్కోవచ్చు. ప్రతిధ్వని ఏ వేళకు ఎంత దూరం అందుతుందో సూచించే చిన్న పట్టిక ఈ ఆటలో ఉంది. పొద్దున్న ఆడితే రక్షకులకు అనుకూలం, మూడు గంటల వేళ ఆడితే శత్రువుకు అనుకూలం. వేళను ఎంచుకునే హక్కు జలాంతర్గామి పక్షానిది. తమ ఓడ కింద ఏ నీరు ఉందో తెలియని కెప్టెన్ మంచి పరికరం ఉండి కూడా చెవిటివాడేనని ఆటగాళ్ళకు ఇక్కడ బోధపడుతుంది. ఇటువంటి పట్టిక అట్లాంటిక్ ఆటకు కూడా తయారు చేయవలసింది.

1942 ఏప్రిల్ నాటి ఉదంతాన్ని మాష్టారు ఆటగా ఆడించరు, పది నిమిషాల ప్రదర్శనగా చూపిస్తారు. అడ్మిరల్ ఒజావా నాయకత్వంలోని జపాన్ క్రూయిజర్లూ, ఒక చిన్న విమానవాహక నౌకా బంగాళాఖాతంలోకి వచ్చి, కొద్ది రోజుల్లో ఇరవైకి పైగా సరకు ఓడలను ముంచాయి. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. ఆ ఓడలు తగిన రక్షణ లేకుండా తీరం వెంట చెదిరి పోతున్నవి. ఇది జలాంతర్గాముల పని కాదు కనుక ఇక్కడ దీనికి చోటెందుకని మొదట అనుకున్నాను. చూశాక, రక్షణ లేని సముద్రం ఎలా ఉంటుందో చూపడానికి మన తీరపు ఉదాహరణ ఇంతకంటే దొరకదని ఒప్పుకోవలసి వచ్చింది. యుద్ధానికి ముందు గోపాల్‌పూర్ నుంచి రంగూన్‌కు స్టీమర్లు నడిచిన సంగతి తెలిసిన కుటుంబాలు గంజాం జిల్లాలో ఇంకా ఉన్నాయి. ప్రదర్శన ముగిశాక వారిలోని పెద్దలు మాట్లాడడం మొదలుపెడితే, తరువాతి ఆట వేళకు మొదలవదు. ఈ ఆలస్యం మీద నాకు ఫిర్యాదు లేదు. రైలు పట్టుకోవలసినవారికి ఉండవచ్చు.

చెక్క ఓడల గురించి ఒక మాట. మునిగిన ఓడను తిరగేస్తే, దాని అడుగున సరకు పేరు రాసి ఉంటుంది: గోధుమలు, పెట్రోలు, ఉక్కు, లారీలు. తిరగేసిన మనిషి దాన్ని పైకి చదవాలి. ఓడను కోల్పోయిన కెప్టెన్ దాన్ని విని, తన పట్టికలో స్వయంగా రాసుకోవాలి. మంచి పద్ధతే గాని, అక్కడ రాయవలసినది మరొకటి ఉంది. బ్రిటిష్ సరకు ఓడల మీద పనిచేసిన భారతీయ నావికుల్లో 6,000 మందికి పైగా ఆ యుద్ధంలో చనిపోయారు. బాయిలర్ల దగ్గర బొగ్గు వేసినవారూ, వంటవారూ, డెక్ మీది కూలీలూ వారిలో ఉన్నారు. సరకు పేరు కింద సిబ్బంది సంఖ్య కూడా ఉంటే ఆ చదవడానికి మరింత బరువు వస్తుంది.

1943 మార్చి, మే నెలలను జంటగా ఆడించే ఆట ముదిరిన ఆటగాళ్ళ కోసం. మార్చిలో హెచ్‌ఎక్స్ 229, ఎస్‌సీ 122 అనే రెండు కాన్వాయ్‌లు కలిసి 22 ఓడలను పోగొట్టుకున్నాయి. మే నెలలో జర్మనీ 40కి పైగా జలాంతర్గాములను పోగొట్టుకోవడంతో, దాని నౌకాదళాధిపతి అడ్మిరల్ డూనిట్జ్ మే 24న వాటిని ఉత్తర అట్లాంటిక్ కాన్వాయ్ దారుల నుంచి వెనక్కి రమ్మన్నాడు. రెండు నెలల మధ్య ఒక్క అద్భుత ఆయుధం పుట్టుకురాలేదు. దూరం పోగల విమానాలు, సెంటీమీటర్ల తరంగాలతో పనిచేసే సెంటీమెట్రిక్ రాడార్, చిన్న విమానవాహక నౌకలు, కష్టంలో ఉన్న కాన్వాయ్‌కు పరుగెత్తి వెళ్ళే సహాయ దళాలు, రాటుదేలిన సిబ్బంది అన్నీ ఒకేసారి అందివచ్చాయి. సహాయ దళాల వల్లనే, మొదట్లో నిషిద్ధమన్న ఆ వేటకు కూడా ఇక్కడ చోటు దొరుకుతుంది. కాన్వాయ్‌ను అంటిపెట్టుకునేవారు కొందరు ఉండగా, పట్టిన జలాంతర్గామిని గంటల తరబడి వదలకుండా కాచేవారు వేరే ఉంటారు. మునుపటి బ్యాంకు ఉద్యోగికి ఈ ఆటలో సహాయ దళం ఇచ్చారు. ఆయన ఆనందం చెప్పనలవి కాదు.

సౌకర్యాల గురించి త్వరగా ముగిస్తాను. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్నవారు ఆలోచించుకోవాలి. తెరల వెనుక గాలి ఆడదు, ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఆటకే వెళ్ళాలి. మాష్టారు తెలుగులో చెబుతూ, ఒడియా పిల్లలున్నప్పుడు ప్రతి నియమాన్నీ ఒడియాలో మళ్ళీ చెబుతారు. రెండూ వచ్చినవారికి ఇది కొంచెం విసుగు, ఊరికి మాత్రం ఇదే సబబు. చేతికిచ్చే చిన్న పుస్తకం తెలుగు భాగం చక్కగా ఉంది. పటాల ముద్రణ మాత్రం మసకగా ఉండి, ఆకుపచ్చ గీతకూ నీలం గీతకూ తేడా తెలియడం లేదు. మధ్యలో ఇచ్చే అల్లం టీ బాగుంటుంది.

పన్నెండేళ్ళ లోపు పిల్లలకు ఇది పనికిరాదు. రెండున్నర గంటల పాటు చీలికలోంచి చూస్తూ చీటీలు రాయడం వారికి శిక్ష. అంతకు పైబడినవారికి, ముఖ్యంగా విశాఖపట్నం బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామినీ, దానికెదురుగా ఉన్న, జలాంతర్గాములను వేటాడే టీయూ-142 విమానాన్నీ చూడాలనుకునేవారికి, ముందు ఇక్కడ ఆడి వెళ్ళమని చెబుతాను. వేటకు గురయ్యేదీ వేటాడేదీ రోడ్డుకు అటొకటీ ఇటొకటీ నిలబడి ఉన్నా, అవి ఒకదానితో ఒకటి ఎలా తలపడతాయో అక్కడ నడిచి చూసినంత మాత్రాన తెలియదు. ఎనిమిది మంది లేకుండా మాష్టారు ఆట నడపరు కనుక ముందురోజే మేడకు వెళ్ళి పేరు రాయించుకోవాలి. మొదటిసారి వెళ్ళేవారు అట్లాంటిక్ రాత్రినీ, విమానమున్న రెండో ఆటనూ కలిపి అడగాలి. రెండోసారి వెళ్ళేవారు జేసీ 36ను మధ్యాహ్నం మూడు గంటల పట్టికతో ఆడించమనాలి. ఆర్ఓ-110 పక్షాన చోటు దొరికితే వదులుకోవద్దు.